మాటల్లేని ఐటమ్

ఉగాది కార్యక్రమంలో ఎవరి ఐటమ్ ఉండాలో, ఎవరిది వద్దో తేల్చే పని కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఏటా విద్య మీద పడేది. పడేది అనడం కంటే ఆవిడే నెత్తిన వేసుకునేది అనాలి. వీణ వాయిస్తుంది, పిల్లలకి సంగీతం చెబుతుంది, అపశ్రుతి వినబడితే మొహమాటానికైనా నవ్వదు. తెలుగు సంఘం ప్రెసిడెంటు జగదీష్‌కి ఇది మహా హాయి. ఏ తల్లి గొడవకొచ్చినా "విద్యగారు వద్దన్నారండీ" అని చేతులు దులుపుకుంటాడు.

ఈసారి ఆవిడ వద్దన్నది దేదీప్య గిటారు.

దేదీప్య ఒకప్పుడు విద్య దగ్గరే పాట నేర్చుకుంది. గీతాలదాకా వచ్చి, హైస్కూల్లో చేరగానే "ఐ యామ్ డన్, ఆంటీ" అని ఒక్క మాటతో మానేసింది. ఆ తర్వాత గిటారు పట్టింది. పట్టినది కూడా సర్ఫ్ మ్యూజిక్. అరవై ఏళ్ళ కిందట ఇదే కాలిఫోర్నియాలో, కెరటాల మీద పలకలేసుకుని జారే కుర్రకారు మధ్య పుట్టిన వాద్యం. మాటలుండవు. లావుపాటి తీగల మీద కుడిచెయ్యి కిందికీ పైకీ ఊపిరాడకుండా కొడుతుంది, స్ప్రింగులున్న ఒక పెట్టె ఆ మోతని తడిపి, సాగదీసి వదులుతుంది.

దేదీప్య పంపిన వీడియోని విద్య గోంగూర ఒలుస్తూ వింది. మొదటి వరుసకే చెయ్యి ఆగింది. శుద్ధ రిషభం, అక్కణ్ణుంచి అంతర గాంధారానికి ఒక్క దూకు. మాయామాళవగౌళ! మొదటిరోజు సరళీవరసలు మొదలుపెట్టే రాగం. ఈ పిల్ల చేత కూడా తనే మొదలుపెట్టించింది.

పోల్చుకుంది. పోల్చుకుని కూడా, "ఇది మన సంగీతం కాదు. సాహిత్యం కూడా లేదు. మన స్టేజికి నప్పదు" అని మెసేజ్ పెట్టింది. మరి మీ వీణ సోలోకి సాహిత్యం ఎక్కడుందండీ అని ఒక్కరూ అడగలేదు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం దేదీప్య అమ్మమ్మ రాజేశ్వరమ్మ సున్నుండల డబ్బా పట్టుకుని నడిచి వచ్చింది. ఆవిడది ఉప్పాడ. మనవరాలు స్టేజెక్కడం చూసి వెళ్దామని తిరుగు టికెట్ వాయిదా వేసుకుని ఉండిపోయింది.

"తిను తల్లీ, బెల్లంతో చేశాను. ఒక్క మాట అడగొచ్చా?"

"అడగండి పిన్నిగారూ."

"మా పిల్ల ఎక్కడ తప్పు వాయించిందో కాస్త చెప్తావా? విద్య ఆంటీ వద్దన్నారంటే ఎక్కడో తప్పుంది అమ్మమ్మా అంటుంది. స్కూల్నుంచి రావడం, గరాజ్‌లో దూరి ఆ ఒక్క ముక్కే వాయించడం. వేళ్ళు బొబ్బలెక్కాయి. నాకు సంగీతం తెలీదనుకో, మా ఉప్పాడ కెరటం గట్టుని కొట్టినట్టే ఉంటుంది నా చెవికి. నీ చెవి వేరు కదా!"

సున్నుండ విద్య నాలుక్కి అంటుకుపోయింది. లేని తప్పు కోసం ఆ పిల్ల వేళ్ళు కాయలు కాయించుకుంటోంది. అదీ విద్య చెవి మీద నమ్మకంతో.

"నేనే వచ్చి చెప్తాను పిన్నిగారూ" అని ఆవిడతో పాటే బయల్దేరింది.

గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంది. దేదీప్య వేళ్ళకి టేపు చుట్టుకుని ఆంప్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. విద్యని చూసి గబుక్కున లేచింది.

"ఓ మై గాడ్, అమ్మమ్మ మీ ఇంటికి వచ్చిందా? సారీ ఆంటీ. బట్, చెప్పండి. ఏది రాంగ్? రైట్ హ్యాండా?"

"తప్పేం లేదు. అది మాయామాళవగౌళ."

దేదీప్య ముఖం విప్పారింది. "ఐ నో! అందుకే పిక్ చేశా. సర్ఫ్ మ్యూజిక్ స్టార్ట్ చేసినవాళ్ళలో ఒకాయనది లెబనీస్ ఫ్యామిలీ. వాళ్ళ అంకుల్ ఊద్ అని, అరబ్ వీణలాంటిది వాయించేవాడట, అక్కడ్నుంచి వచ్చింది ఈ స్కేల్. ఫస్ట్ టైమ్ విన్నప్పుడు, హే, ఇది విద్య ఆంటీ ఇల్లు అనిపించింది. మీరు గుర్తుపట్టి హ్యాపీ అవుతారు అనుకున్నా."

"గుర్తుపట్టాను."

"ఎప్పుడు? నౌ?"

"మొదటి వరుసకే."

ఆంప్ సన్నగా రొద చేస్తోంది. రాజేశ్వరమ్మ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది.

"దెన్ వై, ఆంటీ?"

ఎన్నో జవాబులున్నాయి. కమిటీ, పద్ధతి, సంప్రదాయం. అన్నీ ఇదివరకు వేరే తల్లులకి చెప్పినవే.

"నన్ను వదిలేసి వెళ్ళావని" అంది విద్య.

అని, వాళ్ళిద్దరి ఎదురుగానే జగదీష్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"ఏంటండీ విద్యగారూ, మళ్ళీ ఎవరి తల తీశారు?"

"నా తలే. దేదీప్య ఐటమ్ అక్కసుకొద్దీ వద్దన్నాను. అది మన రాగమే, నాకు అప్పుడే తెలుసు. కమిటీలో అందరికీ ఈ మాటే చెప్పండి."

"అది సరే... ప్రోగ్రాం ప్రింటుకి వెళ్ళిపోయిందండీ. ఎవర్ని తీయమంటారు?"

"నా సోలో తీయండి."

"నో, ఆంటీ" అంది దేదీప్య. విసుగు లేదు, కోపం కూడా లేదు. తలుపు దగ్గర పరాయి వాళ్ళతో మాట్లాడే మర్యాద ఉంది. "ఆ రోజు మా బ్యాండ్‌కి శాంటా క్రూజ్ బీచ్‌లో షో ఉంది. మీరు నో అన్నాక వాళ్ళకి యెస్ అన్నా. అందుకే ఈ ప్రాక్టీస్, తప్పు ఫిక్స్ చేసుకుని వెళ్దామని."

"నేనూ అక్కడికే పోతున్నాను" అంది రాజేశ్వరమ్మ, ఎవరూ అడక్కుండానే.

"అయితే మీ సోలో ఉంచనా?" జగదీష్ గొంతు తేలికపడింది.

విద్య దేదీప్య వేళ్ళ మీది టేపు చూసింది.

"వద్దు. తీసేయండి" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత, తన దగ్గరికొచ్చే పిల్లల తల్లులు సీటుందా అని అడిగే గొంతుతో, "నేను రావచ్చా?" అంది.

దేదీప్య గిటారు భుజానికి తగిలించుకుంది.

"పబ్లిక్ బీచ్, ఆంటీ. ఎవరైనా రావచ్చు."