జేబులో కూర్చున్న దేవుడు

సదాశివ ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, మెత్తబడి విరిగేలోపే నోట్లో వేసుకున్నాడు. ఇరవై ఏళ్ల సాధన మరి! నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో ఆయన కప్పు అడుగున ముక్క మిగిలిన రోజు లేదు. పొట్టి మనిషి, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, మోచేతుల దగ్గర అరిగిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్సిళ్లు. చూసినవాళ్లు స్కూలు మాస్టరనుకుంటారు. కాదు, కంప్యూటరుకు పని చెప్పే ప్రోగ్రామరు. 1974లో ఆ మాట చెబితే పదిమందిలో తొమ్మిదిమంది, "అంటే టైపు కొడతరా?" అని అడిగేవారు. "ఔ, గట్లాంటిదే" అని ఊరుకునేవాడు. ఎందుకొచ్చిన గొడవ!

ఆవేళ ఫిబ్రవరి ఆఖరి రోజు, గురువారం. ఆయన ఉద్యోగానికీ అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మిషను ఆయనది. ఆ గంటలో డ్యూటీ చార్టు నడిస్తే నడిచినట్టు, లేదంటే ఏడు నెలల చాకిరీ అటకెక్కినట్టే. ఆయన వెళ్లిపోయాక దాన్ని ముట్టుకునే ఓపిక ఆఫీసులో ఎవరికీ లేదు.

చార్టు ఒక బస్సు డిపో కోసం. ఎవరు పగలు బండి తోలాలి, ఎవరు రాత్రి తోలాలి అన్నది అప్పటిదాకా చేత్తో రాసేవారు. నోరున్నవాడికి పగలు, నోరులేనివాడికి రాత్రి. ఆయన పక్క వాటాలో ఉండే డ్రైవరు దుర్గయ్యకు నోరు లేదు. రాత్రి డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్లతో అతను అప్పుడే హోటల్లోకి వచ్చాడు.

"ఇయ్యాల అయితదా సారూ?"

"చూద్దాం దుర్గయ్యా. మిషన్ మాటింటే అయితది."

"మా చిన్నది ఆడుకునే యాళ్లకు నేను పండుకుంట. అది పండుకునే యాళ్లకు నేను డ్యూటీకి పోతా. నన్ను జూస్తే ఎవ్వడో కొత్తోడొచ్చిండని ఏడుస్తది సారూ." నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు చూడలేక సదాశివ లేచాడు.

గురువారం కాబట్టి దర్గా ముందు ఆగి చేతులు జోడించాడు. పొద్దున ఇంట్లో రాముడికి దీపం పెట్టి బయల్దేరిన మనిషే. దేవుళ్లు తగాదా పడరు, ఆ తీరిక మనుషులకే అన్నది ఆయన మతం. అక్కణ్ణుంచి గన్‌ఫౌండ్రీలోని ఆఫీసు దాకా నడక.

ఆయనకొక అలవాటు. ఏ కాగితం మొదలుపెట్టినా పైన 'శ్రీ' రాయందే చెయ్యి కదలదు. ప్రోగ్రాం రాసినా అంతే, ఇంగ్లీషు అక్షరాల్లో అయినా సరే పడాల్సిందే. ఆ కాగితంలోని ఒక్కో వరుసను ఆఫీసులో కార్డులు కొట్టే అమ్మాయి విమల అట్టకార్డుల మీద చిల్లులుగా కొడుతుంది. మిషను వాటిని వరసగా చదువుతుంది. మిషనుకు శ్రీ అంటే ఏం తెలుసు? అందుకని దాని ముందు 'సి' అక్షరం వేసేవాడు. సి ఉన్న కార్డును మిషను చదవకుండా దాటేస్తుంది. "నువ్వు చదవకున్నా సరే, ఆయన ముందుంటే నాకు చాలు" అని మిషనుతో ఆయన ఒప్పందం.

కిరాయి మిషను అబిడ్స్‌లో ఉంది. కార్డుల పెట్టె పట్టుకుని ఆయనా విమలా రిక్షాలో వెళ్లేసరికి ముందువాళ్ల పని ఇంకా తెమల్లేదు. రెండున్నర దాటాక గాని వంతు రాలేదు. మిషను కోసం ఏసీ పెట్టిన చలిగదిలో ఆపరేటరు కిషన్ కార్డులు పెట్టి మీట నొక్కాడు. మిషను రెండు నిమిషాలు గడగడలాడి, పని చేయనని మొండికేసింది. కాగితం మీద ఒకే ఒక్క తప్పు అచ్చయింది, మొదటి కార్డుది.

సదాశివ కార్డు తీసి చూశాడు. శ్రీ ఉంది. సి లేదు. నిన్న సాయంత్రం ఇంట్లో దేవుడి పటం ముందు కూర్చుని మొదటి కాగితం తిరగరాశాడు. భక్తిలో పడి సి మరిచాడు!

"నేను చూసిన సార్" అంది విమల, తల దించుకుని.

"చూసి గూడ ఎట్ల కొట్టినవమ్మా?"

"రాసింది రాసినట్టే కొట్టాలని మీరే చెప్తిరి. అన్నిటికన్న మీద దేవుని పేరాయె. నేనెట్ల మారుస్త సార్?"

మళ్లీ కొట్టించాలంటే గన్‌ఫౌండ్రీ పోవాలి. "పావుగంటే ఉంది సార్. ఆ కార్డు పక్కన పెడితే అయిపోతది గద" అన్నాడు కిషన్.

అయిపోతుంది, నిజమే. కాని శ్రీ లేకుండా ఏ పనీ మొదలుపెట్టి ఎరగడు. ఆఖరి పని మీంచి దేవుణ్ణి దించడమా? గోడ గడియారం వైపు చూశాడు. కొత్తవాడొచ్చాడని ఏడ్చే పసిపిల్ల గుర్తొచ్చింది. కార్డును కళ్లకద్దుకుని, చొక్కా జేబులో పెన్సిళ్ల పక్కన నిలబెట్టాడు.

"జర గీడ కూసో స్వామీ. ఆ పిల్ల ఏడుపు ఆగనీ."

మూడుకు మూడు నిమిషాలుందనగా చార్టు బయటికొచ్చింది. ఒక వారం రాత్రి, మూడు వారాలు పగలు. దుర్గయ్యకు అంతే, నోరున్నవాడికీ అంతే. సదాశివకు ఎంత సంతోషం వేసిందంటే, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ నెపం చలిగది మీదికి నెట్టాడు. విమల నమ్మలేదు.

సాయంత్రం ఆఫీసులో దండ వేశారు, బూందీ పంచారు. భార్య నళినికి మల్లెపూలు కొనుక్కుని ఇల్లు చేరాడు.

తర్వాత నాలుగు నెలలు రాజాలా బతికాడు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, మధ్యాహ్నాలు కునుకు, సాయంత్రాలు నళినితో వీధరుగు మీద కబుర్లు. ఆషాఢంలో ఒక పొద్దున నళిని చాయ్ పెట్టి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే వెళ్లిపోయాడు. ఎవరితోనూ చేయించుకోలేదు, ఎంత పుణ్యమో అన్నారు చుట్టుపక్కలవాళ్లు. దుర్గయ్య పాడె మోశాడు. డిపోలో మిగతావాళ్లకు ఆయన ఎవరో తెలియదు.

డిపో గోడ మీద ఆ నెల చార్టు ఎప్పటిలాగే ఉంది. డ్రైవర్లు గ్రీజు వేళ్లతో తమ నంబర్లు వెతుక్కుని వెతుక్కుని కాగితమంతా నల్లబడింది. దుర్గయ్య నంబరు దగ్గర మాత్రం రెండు మరకలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి అతని బొటనవేలిది, రెండోది శనగగింజంత చిట్టివేలిది.