తొమ్మిదికి బయటికి, అయిదుకు లోపలికి

నాచారంలో సాలమ్మ ఇచ్చిన గది లాడ్జీ ధరలో సగానికే దొరికింది. షరతు ఒక్కటే: పొద్దున తొమ్మిదికి బయటికెళ్తే సాయంత్రం అయిదు దాకా తిరిగి రాకూడదు. పిల్లలకు పట్నం చూపించడానికి తెనాలి నుంచి వచ్చిన తారామణికి ఆ షరతు గొంతులో ముల్లులా గుచ్చుకుంది. బస్సుల్లో దొంగల భయానికి పెళ్ళినాటి గొలుసు తీసి ఆ గదిలో తమ ట్రంకుపెట్టెలోనే పెట్టింది మరి.

రెండోరోజు జూపార్కులో ఏనుగు దగ్గర ఇక ఆగలేకపోయింది. పిల్లల్ని భర్తకు అప్పగించి, బస్సెక్కి వచ్చి గది తలుపు తోసింది. మంచం మీద వాళ్ళ దుప్పట్ల మడత చెదరలేదు. కింద చాప మీద ఎవరో మగమనిషి, గోళ్ళనిండా గ్రీజుతో, గోడవైపు తిరిగి గురకపెడుతున్నాడు.

"ఎవరితను?"

సాలమ్మ పరుగెత్తుకొచ్చింది. "జర మెల్లగ, అమ్మా! నా కొడుకు పోశయ్య. ఫ్యాక్టరీల నైట్ డ్యూటీ జేసి వచ్చిండు. ముందే జెప్తే మీరు దిగుతుంటిరా?"

"చచ్చినా దిగేవాళ్ళం కాదు."

తారామణి పెట్టె తాళం రెండుసార్లు లాగి చూసింది. తర్వాత తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

మర్నాడు బయల్దేరేముందు తనే చాప పరిచి, దిండు కూడా పెట్టింది. గొలుసు మాత్రం మెళ్ళో వేసుకునే వెళ్ళింది.