ఎత్తిన తెడ్డు

మా రాజధాని ఉవాగలో ఆడది మగవాడి మీదికి తెడ్డు ఎత్తదు. సంకటి కెలికే తెడ్డు అది. ఎత్తిందంటే, నా చేతి కూడు నీకిక దక్కదని చెప్పినట్టే. అలాంటివాడు బతికి బట్టకట్టడని మా నమ్మకం. విరుగుడు ఒక్కటే. అదే తెడ్డుతో వండి, ఆవిడే వాడికి కడుపునిండా పెట్టాలి.

ఏళ్ల తరబడి కుర్చీ వదలని అధ్యక్షుడు, ఇంకా ఉంటానని చట్టం మార్చబోయాడు. ఆడవాళ్లం తెడ్లు పట్టుకుని వీధికెక్కాలనుకున్నాం. పక్కింటి రస్మత గోడ మీంచి కేకేసింది.

"తెనే అక్కా, వస్తున్నావా? పటాలంలో ఉన్న కొడుకు గుర్తొచ్చి కాళ్లాడట్లేదా?"

"నోరు ముయ్యవే. నీకంటే ముందుంటాను చూడు."

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అన్నట్టే ముందు వరసలో నడిచాను. చౌరస్తాలో సైనికులు అడ్డంగా నిలబడ్డారు. తలకు ఇనుప టోపీలు, దుమ్ముకి ముఖాల నిండా గుడ్డలు. మాట్లాడకుండా, ఎవరి ఎదుట ఉన్నవాడి మీదికి వాళ్లం తెడ్డు ఎత్తాం. నా ఎదుట ఉన్న పొడుగువాడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఎడమ పాదాన్ని కుడి పిక్కకు రుద్దుకున్నాడు.

భయమేస్తే నా కొడుకు సిబిరి చిన్నప్పటి నుంచీ చేసే పని అది.

పేరు పెట్టి పిలిచేలోపే పొగ గుండ్లు పేలాయి. జనం నన్ను ఎటో నెట్టుకుపోయారు.

మూడో రోజు జనం శాసనసభ మీద పడ్డారు. సైనికులు కాల్చారు. రస్మత కొడుకు ఇసాక అక్కడే పోయాడు. మర్నాడు అధ్యక్షుడు పారిపోయాడు. ఊరంతా చిందులేసింది. నేను మాత్రం గిన్నెలో సంకటి, బెండకాయ పులుసు పట్టుకుని రోజూ మధ్యాహ్నం పటాలం గేటు దగ్గరికి పోయేదాన్ని.

"మళ్లీ వచ్చావా ముసలమ్మా? వాడు బయటికి రాడని చెప్పలేదా? ఇదేమన్నా హోటలా?" అని కాపలావాడు కసిరేవాడు.

నా చేత్తోనే కొడుక్కి చావు రాశానన్న బెంగతో నిద్ర దూరమైంది. కళ్లు మూస్తే చాలు, ముఖం కప్పుకున్న ఆ మనిషి మా గుమ్మంలో ఒక్క అడుగు వెనక్కి వేసేవాడు. ఎప్పుడూ ఒక్క అడుగే. పట్టపగలు పెరట్లో గిన్నెలు తోముతున్నా, వెనక పిక్కకు పాదం రుద్దిన చప్పుడు వినపడేది.

పదహారో రోజు మధ్యాహ్నం సిబిరి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు.

"ఆకలేస్తోందమ్మా."

ఆ తెడ్డుతోనే వండి పెట్టాను. వాడు నాలుగు ముద్దలు తిన్నాక నాకు ఏడుపు ఆగలేదు. చౌరస్తా సంగతంతా చెప్పి క్షమించమన్నాను. వాడు నవ్వాడు.

"నేనా? ఆ రోజు నన్ను అక్కడికి పంపనే లేదు. అక్కడ నిలబడ్డ పొడుగోడు మా పటాలంలోని యాంబ."

"పాదం రుద్దుకున్నాడురా, నీలాగే!"

"గంటల తరబడి బూట్లతో నిలబడితే ఎవడైనా రుద్దుకుంటాడే అమ్మా."

నా కొడుకు కాదు! సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు సంతోషమే కలిగింది.

"ఆ అబ్బాయిప్పుడు ఎక్కడున్నాడు?"

"లేడు. ఆ సాయంత్రమే తుపాకీ కింద పెట్టేశాడు. ఎవరో అమ్మ తెడ్డు ఎత్తింది, నేనిక జనం మీద పేల్చలేనన్నాడు. లోపలేసి కొట్టారు. ఆ దెబ్బలకే పోయాడు." సిబిరి పులుసు కలుపుకున్నాడు. "వాడికి అమ్మ లేదు."

అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"మరి శాసనసభ దగ్గర కాల్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

వాడు చేతిలో ముద్దను ఒత్తాడు.

"నిలబడమన్నచోట నిలబడ్డాను. పేల్చమన్నప్పుడు పేల్చాను." పళ్లెం ముందుకు జరిపాడు. "ఇంకొంచెం పెట్టమ్మా."

అప్పుడే గోడ అవతల నుంచి రస్మత గొంతు వినపడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"అక్కా, అది సిబిరి మాటేనా? తిరిగొచ్చాడా? పోనీలే, దేవుడు నీ కడుపైనా చల్లగా చూశాడు. బిడ్డని కడుపునిండా తిననివ్వు."

సిబిరి తల ఎత్తలేదు. నేను ఇంకో ముద్ద వడ్డించాను.