కారణం రాయని లైను

మొదట గోడవైపున్న పెద్దది, తరువాత తెల్లది, చివరికి మూలనున్న ముసలిది. మేస్త్రి తన మూడు కంప్యూటర్లనూ పందొమ్మిదేళ్లుగా ఈ వరుసలోనే లేపుతున్నాడు. ముసలిది పూర్తిగా లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కనుక దాన్నే ముందు లేపితే సమయం కలిసొస్తుందని చాలామంది సలహా ఇచ్చారు. ముసలిది సరిగ్గా లేచిందో లేదో దాని పంకా చప్పుడును బట్టే తెలుస్తుందనీ, మిగిలిన రెండూ కుదుటపడ్డాకే ఆ చప్పుడు విడిగా వినిపిస్తుందనీ వాళ్లకు తెలియదు. సలహా ఇచ్చినవాళ్లే తప్ప ఎందుకని అడిగినవాళ్లు లేరు.

ఆ ఉదయం అతను మెట్లెక్కుతూ రెండో మలుపు దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. సంచి ఎప్పుడూ ఆ భుజానికే వేలాడుతుంది కనుక సంచిదే తప్పని నిర్ణయించి, దాన్ని కుడి భుజానికి మార్చి పైకొచ్చాడు. వయసు యాభై ఎనిమిది. పొట్టి మనిషి. నుదుటి మీద జుట్టు లేదు. చెవుల దగ్గర ఉన్నది తెల్లగా, పొడుగ్గా పెరిగి ఉంటుంది. వేళ్లు మాత్రం సన్నగా, అతని ఒంటికి సంబంధం లేనట్టుగా ఉంటాయి.

అతను చేసే పనిని బిల్డు అంటారు. మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రం నేరుగా చదవలేదు. దాన్ని యంత్రానికి పనికొచ్చే రూపంలోకి మార్చాలి. ఒక్కో రకం యంత్రానికి ఒక్కో రకం అనువాదం కావాలి. అయినా ఆ అనువాదాలన్నీ చివరకు ఒకే తీరున నడుచుకోవాలి. ఏ యంత్రానికి ఏం చెప్పాలో, ఏది ఎక్కడ వెతకాలో, దేన్ని నమ్మకూడదో వివరించే సూచనల ఫైలు ఒకటుంది. పదకొండు వందల లైన్ల ఆ ఫైలు అతని సంరక్షణలో ఉంటుంది. చేరిన కొత్తలో, కింద కూర్చునే రిసెప్షన్ ఆవిడ, “అయితే మీరు మేస్త్రన్నమాట” అంది. ఆవిడ మానేసి పదేళ్లయింది. పేరు మాత్రం మిగిలింది.

ఆ ఫైలులో ప్రతి లైను మీదా అది ఎందుకుందో చెప్పే ఒక చిన్న వాక్యం ఉంటుంది. “తెల్లదానికి ఈ పొడవు మించిన దారి పేర్లు పనికిరావు కనుక.” “పెద్దది దశాంశ బిందువు బదులు కామా పెడుతోంది కనుక.” తన తరువాత వచ్చేవాడు తనను శపించకూడదని మొదట్లో రాశాడు. తరువాత అది అలవాటయింది. ఆ పైన అతని స్వభావమే అయిపోయింది. అన్నం తింటూ కూడా దేనికైనా కారణం దొరక్కపోతే ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంటాడని అక్క అంటుంది.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసింది. అతనికి తొమ్మిదేళ్లప్పుడు తల్లీ తండ్రీ పోతే, పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్లో వాళ్ల మాటలు కలుపుతూ తమ్ముణ్ణి లెక్కల్లో డిగ్రీ దాకా చదివించింది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. అందువల్ల అతనూ చేసుకోలేదు. ఎవరి కోసం ఎవరు మానుకున్నారన్న లెక్క ఆ రెండు గదుల ఇంట్లో ఏనాడూ తేలలేదు. రోజూ సాయంత్రం ఆవిడ, “ఇవాళ ఏమైందిరా?” అని అడుగుతుంది. “ఏమీ కాలేదక్కా” అంటాడు. ఏమీ కాకపోవడమే అతని పని అని ఆవిడకు తెలుసు.

తొమ్మిదిన్నరకు ప్రోగ్రామరమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, చెప్పుల చప్పుడును బట్టే ఆమె కోపం తెలుస్తుంది.

“మేస్త్రి గారూ, కూర్చునే ఉన్నారుగా? మంచిది. కింద మన పరీక్షల ఫ్రీజరు కాలిపోతోంది.”

“మంటలా?”

“మంటల్లేవు. మన పెట్టె అంటోంది. రెండు వందల పాతిక డిగ్రీలట! నేను వెళ్లి తలుపు తీసి చెయ్యి పెట్టా. వేళ్లు అక్కడే ఉండిపోయాయనుకున్నా. థర్మామీటరు చూస్తే మైనస్ ముప్పై ఒకటి.”

“నాలుగు డిగ్రీల అరలో?”

“అక్కడ బుద్ధిగా నాలుగే చూపిస్తోంది. సున్నా కిందకి దిగితేనే దానికి దెయ్యం పడుతోంది.”

ఆ సంస్థ రక్తాన్నీ మందులనూ నిలవచేసే గదుల ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండే ప్రోగ్రాములు తయారుచేస్తుంది. ఇన్నాళ్లూ అవి పెద్ద కంప్యూటర్ల మీద నడిచాయి. ఇప్పుడు అరచేతిలో పట్టే చిన్న పెట్టెలు వచ్చాయి. వాటి ప్రాసెసరు రకమే వేరు. రక్తనిధి వాళ్లకు అలాంటివి పది పెట్టెలు ఆ సాయంత్రం నాలుగింటికి వెళ్లాలి. పాతవాటిని నిన్ననే పీకేశారు. అప్పటినుంచి అక్కడి ఉద్యోగులు గంటకొకసారి ప్రతి ఫ్రీజరు దగ్గరికీ వెళ్లి అంకె రాసుకుంటున్నారు. ఈ రాత్రి ఆ పనికి మనుషులు లేరు. ఫ్రీజరు ఆగిపోయి ఎవరికీ తెలియకపోతే తెల్లారేసరికి అందులోని ప్లాస్మా అంతా పారబోయవలసిందే.

మేనేజరు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈ పనికి ఇంకా ప్రత్యేకంగా ఒక మనిషి అవసరమేనా అని ఈ ఏడాది ఇప్పటికి రెండుసార్లు మర్యాదగా అడిగినవాడు. “మరేం కంగారు లేదు. రెండు వందలు దాటితే రెండు వందల యాభై ఆరు తీసెయ్యమని ఈవిడ రాసిందిగా. తెర మీద సరిగ్గానే కనబడుతోంది. అలారం ఒక్కటి ఆపేసి పంపిద్దాం. వచ్చే వారం తీరిగ్గా సరిచేసుకోవచ్చు.”

“అలారం ఇప్పుడేం చేస్తోందమ్మా?”

“గోల చేస్తోంది,” అంది ప్రోగ్రామరు, గొంతు తగ్గించి. “నేను తెర దగ్గరే సరిచేశాను. ఆ అంకెను ఇంకో ఆరు చోట్ల చదువుతున్నారు.”

“అలారం ఆపేశాక అది పెట్టె కాదండీ,” అన్నాడు మేస్త్రి మేనేజరుతో. “గోడకి కొట్టిన మేకు. నాలుగింటి దాకా టైముందిగా, చూడనివ్వండి.” ఆపైన ప్రోగ్రామరు వైపు తిరిగాడు. “ఆరు నెలల కిందట నమూనా పెట్టెను ఇదే ఫ్రీజర్లో పెట్టారు కదూ?”

“పెట్టాం. కరెక్టుగా చూపించింది. నేనే ఫొటో తీశా.”

“అయితే ఈ మధ్యలో ఎవరో ఏదో చేశారు.”

“దొరికితే చెప్పండి. వాడి సంగతి నేను చూసుకుంటా.”

ఆరు నెలల్లో ప్రోగ్రాములో జరిగిన మార్పులు రెండు వందల నలభై. మేస్త్రి ఊహలు చేసేవాడు కాడు. సరిగ్గా నడుమనున్న మార్పు దగ్గర ఆగి, ప్రోగ్రామును ఆనాటి రూపంలో చిన్న పెట్టె కోసం బిల్డు చేసి, పెట్టెను ఫ్రీజర్లో పెట్టించాడు. ఒక్కో పరీక్షకు పన్నెండు నిమిషాలు. అంకె తప్పితే దోషం అంతకు ముందరిది, తప్పకపోతే తరువాతిది. ప్రతిసారీ సగం కాలం నిర్దోషిగా తేలి పక్కకు తప్పుకుంటుంది. నూట ఇరవై, అరవై, ముప్పై, పదిహేను. ఈ పద్ధతి అతను వేలసార్లు వాడినదే. అయినా ప్రతిసారీ ఒకే ఆశ్చర్యం: ఎంత పెద్ద గతమైనా ఎనిమిది ప్రశ్నలకు లొంగి, ఒక్క క్షణాన్ని తెచ్చి చేతిలో పెడుతుంది.

పన్నెండు కావస్తుండగా ఆ క్షణం దొరికింది. మూడు నెలల కిందటి మార్పు. చేసినవారి పేరు దగ్గర అతని పేరే ఉంది.

మేస్త్రి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. పేరు మారలేదు.

తీసేసినది ఒకే ఒక్క లైను. ఆ లైను మీద కారణం రాసి లేదు. అది తన మొదటి ఏడాదిలో, కారణాలు రాసే అలవాటు ఇంకా పడకముందు తానే చేర్చినది. మూడు నెలల కిందట ఫైలు శుభ్రం చేస్తుంటే కంటబడింది. ఎందుకుందో గుర్తుకు రాలేదు. కారణం లేనిది తన ఫైలులో ఉండరాదు కనుక తీసేసి, మూడు కంప్యూటర్ల మీదా పరీక్షించాడు. మూడింటిలోనూ పచ్చదీపాలు వెలిగాయి. చిన్న పెట్టె ఆ వారం రక్తనిధి వాళ్ల దగ్గర ఉంది. దాని మీద పరీక్షించలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది. ప్రోగ్రాములో అంకెలు దాచే అతిచిన్న అరలో రెండు వందల యాభై ఆరు విలువలకే చోటుంటుంది. వాటిలో సగం సున్నాకు కిందివని కొన్ని ప్రాసెసర్ల అనువాదకాలు భావిస్తాయి. అన్నీ సున్నా, ఆపైవేనని మరికొన్ని భావిస్తాయి. ఏదో ఒకటి స్పష్టంగా చెప్పకపోతే ఎవరి ఆచారం వారిది. ఒకే అరలోని ఒకే గుర్తు ఒకచోట గడ్డకట్టించే చలి, మరొకచోట మాడ్చేసే వేడి. పందొమ్మిదేళ్ల కిందట ఈ గదిలో అలాంటి రెండో రకం యంత్రం ఒకటుండేది. దానితో వారం రోజులు పెనుగులాడి, అందరూ ఒకే ఆచారం పాటించాలని ఆ లైను రాశాడు. ఆ యంత్రం తుక్కులోకి వెళ్లింది. లైను మాత్రం, ఎవరికీ తెలియకుండా, ఇంకా పుట్టని ఒక చిన్న పెట్టె కోసం పదహారేళ్లు దాటి కావలి కాస్తూనే ఉంది.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. తప్పు చేశానన్న బాధ కంటే ముందు వచ్చినది విస్మయం. ముప్పై తొమ్మిదేళ్ల ఆ మనిషికి తెలిసినది యాభై ఎనిమిదేళ్ల తనకు తెలియదు. ఒక చిన్న వాక్యం రాసి ఉంటే వాళ్లిద్దరూ కలుసుకునేవాళ్లు.

ఫోను మోగింది. అక్క.

“తిన్నావా?”

“తింటా. అక్కా, ఇవాళ ఒకటైంది.”

ఇన్నేళ్లలో ఆవిడకు ఈ జవాబు కొత్త. “ఏమైందిరా?”

“తప్పు నాదే. ఉండాల్సినదాన్ని నేనే తీసేశా.”

“ఎవరికైనా తెలుసా?”

“ఇంకా తెలీదు.”

“నేను తప్పు లైను కలిపినప్పుడు ఏం చేసేదాన్నో తెలుసా? ఇద్దరికీ వినబడేలా, ‘నేనే కలిపానండీ, నేనే విడదీస్తా’ అనేదాన్ని. గొంతు వణక్కుండా అనాలి, అంతే. తరవాత తిను.”

అతను వెళ్లి మేనేజరుతోనూ ప్రోగ్రామరుతోనూ అదే అన్నాడు. గొంతు కొంచెం వణికింది. “దాన్ని తీసేసింది నేనే. నేనే పెడతాను. అన్నీ మొదటినుంచి బిల్డు చెయ్యాలి, గంటన్నర పడుతుంది.” మేనేజరు గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాడు. ప్రోగ్రామరు మాత్రం అతని వెనకే గది దాకా వచ్చింది.

“మీరే అని చెప్పాల్సిన పనేముందండీ? లైను పోయిందంటే సరిపోయేదిగా.”

“పోలేదమ్మా. తీశాను.”

“నేను వాడి సంగతి చూసుకుంటానన్నాను కదా, ఇప్పుడేం చెయ్యను మరి?” అని తన సంచిలోంచి ఒక నారింజపండు తీసి అతని బల్ల మీద పెట్టింది. “శిక్ష ఇదే. తినండి. మొహం చూడండి, సున్నం కొట్టినట్టుంది.”

అతను నవ్వి, లైను మళ్లీ చేర్చాడు. అంకెను చదివే ఏడు చోట్లా కాదు, ఒకే చోట. దాని మీద కారణం రాశాడు; మామూలుగా ఒక్క వాక్యం రాసేవాడు ఈసారి నాలుగు రాశాడు. ఒంటిగంటన్నరకు మూడు కంప్యూటర్లూ, చిన్న పెట్టే కలిసి పని మొదలుపెట్టాయి. తెర మీద ఫైళ్ల పేర్లు వానలా జారుతున్నాయి. పన్నెండు వేల ఫైళ్లు, నాలుగు అనువాదాలు. ఒక యంత్రం మాట మరొకదానికి తెలియదు, అన్నీ ఒకే మాట చెప్పడానికి సిద్ధమవుతున్నాయి. బిల్డు నడుస్తున్నంతసేపూ మేస్త్రి కుర్చీలో వాలి కళ్లు మూసుకుని పంకాలు వింటాడు. ఆ సమయంలో ఎవరూ పలకరించరు.

రెండు గంటల యాభైకి పెద్దది ముగించింది. తరువాత తెల్లది. ముసలిది అందరికంటే చివర. కింద ఫ్రీజరు దగ్గర నిలబడ్డ ప్రోగ్రామరు పెట్టె మీది అంకె చూసి గట్టిగా కేక వేసింది. మైనస్ ముప్పై ఒకటి. తలుపు తీసి ఉంచితే మైనస్ పాతిక దాటిన మరుక్షణం అలారం మోగింది, మూసి మళ్లీ చల్లబడగానే ఆగింది. మిగిలిన తొమ్మిదీ అంతే. పరుగున పైకొచ్చి గది తలుపు తీసింది. అతను కళ్లు మూసుకుని, తల కొంచెం ముసలిదాని వైపు వంచి ఉన్నాడు. ముసలిదాని పంకా ఇంకా తిరుగుతోంది. లేపడం ఇష్టంలేక తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. నాలుగింటికి వ్యాను కదిలింది.

అతను ఏం రాశాడో చూడాలనిపించి, ఆమె తన బల్ల దగ్గర ఆ ఫైలు తెరిచింది. “ఈ లైను అక్కర్లేనట్టు కనిపిస్తుంది. మూడు యంత్రాల మీద తీసేసినా ఏమీ కాదు. నేను తీశాను, నాలుగోదాని మీద చలి మంటలా కనబడింది. మీకు కారణం తెలియనిది కనిపిస్తే, అది తెలిసిన మనిషి ఒకప్పుడు ఇక్కడ కూర్చున్నాడని అనుకోండి.” అక్కడినుంచి ఆమె పైకి చదువుకుంటూ పోయింది. పదకొండు వందల లైన్లు. ప్రతిదాని వెనకా జరగకుండా పోయిన ఒక ప్రమాదం. ఐదేళ్లుగా రోజూ వాడుతున్న ఫైలు అది, ఒక్కసారీ చదవలేదు. చదువుతూ ఉంటే ఆమెకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

అయిదున్నరకు అతని గదిలో ఫోను మోగి, ఆగి, మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు ఆమె లేచి వెళ్లింది. తలుపు తీసింది. “మేస్త్రి గారూ” అంది. దగ్గరికి వెళ్లి చేతిని తాకింది. తరువాత ఫోను తీసి, అవతలి గొంతు “తిన్నావట్రా?” అని అడుగుతుంటే ఏ మాట ముందు చెప్పాలో తెలియక బల్ల వైపు చూస్తూ నిలబడిపోయింది.

బల్ల మీద, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం మీద, తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా ఒలిచిన నారింజ. అందులో తక్కువైనవి రెండు తొనలే.