కడసారి నీళ్లు

వాన తెరిపివ్వని ఓ ఉదయం పెలజీ కర్రపెండలం పిండి జల్లిస్తుండగా, ఆష్తా వచ్చి గుమ్మంలో నిలబడింది. నెలలు నిండిన మనిషి. తలమీది ముసుగు తడిసి చెంపలకు అంటుకుపోయింది.

"పిన్నీ, మా అత్త పోయింది."

పెలజీ తలెత్తలేదు.

"ఆడవాళ్లే కడగాలి. ఇక్కడ మావాళ్లలో నేను తప్ప ఆడది లేదు. మిగతా ఆడవాళ్లంతా నదికి అవతలే ఉండిపోయారు. ఈ వరదలో పడవ వేసేవాడు లేడు. కడగడం నేనే కడుగుతాను పిన్నీ, కానీ ఈ కడుపుతో వంగి నీళ్లు తోడి పొయ్యలేను. నువ్వు నీళ్లు పోస్తే చాలు."

"ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"అడిగాను. మీ ఆయన్ని రమ్మను, తుపాకీ పట్టుకుని వస్తాడుగా అన్నారు."

"సరిగ్గానే అన్నారు."

ఆష్తా వానలోకి దిగి వెళ్లిపోయింది.

ఆ చనిపోయిన జెనబా ఒకప్పుడు పెలజీకి పొరుగు. రెండిళ్లకూ మధ్య తడిక ఒక్కటే. ఎంబోము నది రేవులో బట్టలమ్మే జెనబా, మంచి రంగు ముక్క వస్తే పెలజీ కోసం దాచి ఉంచేది. క్రిస్మస్‌కు ఇటునుంచి వేరుశనగ ఉండలు వెళ్లేవి, రంజాన్‌కు అటునుంచి తియ్యటి టీ వచ్చేది. అంతలో ఉత్తరాన్నుంచి ముస్లిం తిరుగుబాటుదార్ల తుపాకుల లారీలు దిగాయి. ఆరోజు పెలజీ ఒక్కగానొక్క కొడుకు సిల్వేర్ సందు మొగలోనే కూలిపోయాడు. ముందు లారీలో కూర్చుని దారి చూపించింది జెనబా కొడుకు, ఆష్తా భర్త హిసేనే అని ఊరంతా చెప్పుకున్నారు. తర్వాత ఈ పక్క క్రైస్తవ కుర్రాళ్లు తూటాలు తగలవని మెళ్లో తాయెత్తులు కట్టుకుని ముస్లింల పేట తగలబెట్టారు. ప్రాణాలు దక్కినవాళ్లు నది దాటి కాంగోలో తలదాచుకున్నారు.

భర్త సమాధి పక్కనే పోవాలని జెనబా మొన్నటి ఎండాకాలంలో కోడల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. వచ్చిన రోజే పెలజీ వాకిట్లో నిలబడి "వదినా" అని పిలిచింది. పెలజీ తలుపేసుకుంది.

పెలజీ చర్చి మాత్రం మానలేదు. పాటల బృందంలో ముందు వరసలోనే నిలబడేది. కానీ ప్రభువు ప్రార్థనలో "మా యెడల తప్పు చేసినవారిని మేము క్షమించునట్లు" అనే చోటికి రాగానే ఆమె పెదవులు మూతపడేవి. దేవుడి ముందు అబద్ధమాడటం ఆమెవల్ల కాలేదు.

ఆష్తా వెళ్లాక మోకరించింది. ప్రార్థన మళ్లీ అక్కడే ఆగిపోయింది. "నేనింతే. నన్నేం చెయ్యమంటావ్?" అని గోడమీది సిలువను నిలదీసింది. సిలువ మీదున్న ఆయన్నీ ఎవరో దించారు, ఎవరో గుడ్డ చుట్టారు. తన సిల్వేర్‌కు ఆ మాత్రం కూడా జరగలేదు. పారిపోయి దాక్కున్న ఆమె అడవిలోంచి తిరిగొచ్చేసరికి ఒంటిమీది బురదతోనే పూడ్చేశారు. పెలజీ కొంగుతో మొహం తుడుచుకుని బకెట్టు అందుకుంది.

ఆష్తా వాళ్లింట్లో జెనబా చాపమీద ఉంది. ఇంత చిన్నదైపోయిందా అనిపించింది.

"నా చెయ్యి తగలొచ్చా?"

"సాయానికొచ్చిన చెయ్యి పిన్నీ, అల్లాకు తెలీదా? కుడిపక్క నుంచి పొయ్యి. మెల్లగా. ఆవిడకు తెలుస్తుందంటారు."

పసిబిడ్డకు తలంటేటప్పుడు పట్టుకున్నట్టు పెలజీ ఆ తలకింద అరచెయ్యి పెట్టి ఎత్తింది. కప్పిన గుడ్డ తియ్యకుండానే ఆష్తా కడుగుతోంది. లోలోపలే ఏదో చదువుకుంటోంది.

"మా సందు చూపించింది మీ ఆయనేనా?" పెలజీ ఉండబట్టలేక అడిగేసింది.

ఆష్తా చెయ్యి ఆగింది. "ఎన్నిసార్లు అడిగానో పిన్నీ. గోడవైపు తిరిగి పడుకుంటాడు. మా అత్తా అడిగింది. జవాబు చెప్పేదాకా నా మొహం చూడకురా అని అతన్ని నది అవతలే వదిలేసి వచ్చింది."

పెలజీ చెంబు కింద పెట్టింది. "ఆ మాట చెప్పడానికే పిలిచావా వదినా? పలకలేదే నేను," అంటూ ఆ తడిజుట్టు మీద చెయ్యేసి ఏడ్చింది. ఇద్దరూ కలిసి కర్పూరం చల్లి, తెల్లగుడ్డ చుట్టారు.

బయట గొయ్యి తవ్వుతున్నది ముసలి ఇమాం, ఆయన ఈడువాళ్లు ఇద్దరు. తవ్విందంతా నీళ్లతో నిండిపోతోంది. పెలజీ తడిబట్టలతోనే చర్చికి వెళ్లింది. యువకులు పాటలు సాధన చేస్తున్నారు.

"పాడింది చాల్లే! చచ్చినవాళ్లను పూడ్చడం పుణ్యమని జ్ఞానోపదేశంలో పిల్లలకు చెప్పేది మీరే కదా? అక్కడ ముసలాళ్లు బురదలో పడి లేస్తున్నారు. పారలు తీసుకోండి."

బృంద నాయకుడు ఎలోయ్ గొణిగాడు. ఆ పేటకు నిప్పంటించినవాళ్లలో అతనూ ఒకడు. "అమ్మా, వాళ్లు మన సిల్వేర్‌ను..."

"సిల్వేర్ నా కొడుకు. వాడి పేరు చెప్పి నువ్వు పని ఎగ్గొట్టకు."

అందరికంటే ఆఖర్న ఎలోయ్ పార అందుకున్నాడు. గోతి దగ్గర ఇమాం అతన్ని గుర్తుపట్టాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఇంకాస్త లోతు, నాయనా."

వరద తగ్గాక హిసేన్ నది దాటి వచ్చాడు. తల్లి సమాధి దగ్గర్నుంచి తిన్నగా పెలజీ వాకిట్లోకొచ్చి నేలమీద కూలబడ్డాడు.

"మీ సందు నేనే చూపించాను. మా ఇల్లు వదిలేస్తామన్నారు. మనుషుల్ని కాల్చేస్తారనుకోలేదు పిన్నీ."

పెలజీ గడప దిగి అతని ఎదుట నిలబడింది. "ఇది నాకొక్కదానికే చెబితే చాలదు. మీ ఇమాం, మా ఫాదర్, ఊరూ వినాలి," అంది.

ఆదివారం చర్చి ముంగిట్లో, జనం మధ్య నిలబడి అతను చెప్పాడు. ఎవరో రాయి తీశారు. ఎలోయ్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

జనం చెదిరిపోయాక పెలజీ హిసేన్‌ను సిల్వేర్ సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. అతను అరచేతులు చాచి తన ప్రార్థన చేసుకున్నాడు, ఆమె జపమాల తిప్పింది. తర్వాత అతను వంగి సమాధిమీద పెరిగిన గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

"ఏయ్, అది పీకకు! అది పూలమొక్క, నేను నాటాను," అని కసిరింది పెలజీ. తనూ అతని పక్కనే కూర్చుంది.