పాత ఇసుక పలికిన పొద్దు

నల్లబండ తల కనిపించింది!

పొద్దున్నే కృష్ణ ఒడ్డుకు వెళ్లిన నేను ఆ మాటే అరుచుకుంటూ ఇంటికి పరుగెత్తుకొచ్చాను. మా అత్త ఎస్తేరమ్మ వాకిట్లో కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది.

"అత్తమ్మా, లెవ్వు! బండ తేలింది!"

"నిజంగ? నా మీద ఒట్టెయ్యి సరితా."

"ఒట్లకు టైం లేదు. నడువ్!"

ఇంత సంబరం ఎందుకో చెప్పాలి. మా అత్తకూ, ఆమె చెల్లెలు రాములమ్మకూ వాళ్లమ్మ భుజాలకు పెట్టుకునే వెండి దండకడియాల జత వదిలిపోయింది. చెరొకటి తీసుకున్నారు. మూడేళ్ల కింద అత్త ఈ ఏటిలోనే బాప్తిస్మం తీసుకుంది. నీళ్లలోకి దిగేముందు నగలు తీయమంటే అందరూ ఇంటివాళ్ల చేతికిచ్చారు. మా అత్తకు ఎవరి మీదా నమ్మకం లేదు, కోడలినైన నా మీద అసలే లేదు. నల్లబండ పక్కన ఇసుకలో మోచేతి లోతున కడియాన్ని పాతి, గుర్తుకు పైన తన చెప్పులు వదిలి వెళ్లింది. ఎవరో పద్ధతి తెలిసిన మనిషి చెదిరిన చెప్పులన్నీ ఏరుకొచ్చి బట్టలు మార్చుకునే టెంటు ముందు వరసగా పేర్చారు. తడి బట్టలతో బయటికొచ్చిన అత్త కోడిలా ఇసుకంతా కెలికింది. దొరకలేదు.

రాములమ్మ ఈ కథ నమ్మలేదు. "నీ దేవుడు నీ ఇష్టం. అమ్మ కడియం గంగల ఇసిరేసుడెందుకు?" అని తన ఊరు కోడేరు వెళ్లిపోయింది. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. వచ్చే శుక్రవారం రాములమ్మ కూతురు నవనీత పెళ్లి. చుట్టాలందరికీ పిలుపు అందింది, మా గడప మాత్రం ఎవరూ తొక్కలేదు. సొంత పెద్దమ్మను పిలవని పెళ్లి ఎక్కడైనా ఉంటుందా? అత్త పైకి "నాకేంది" అంటుంది కానీ, బస్సు ఆగిన చప్పుడైతే చాలు, మెడ సాచి వీధిలోకి చూస్తుంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నేను ఊరుకునే రకం కాదు. ఫోన్లో వెతికి మెటల్ డిటెక్టర్ తెప్పించాను. నా ఖర్మ, అది వచ్చిన వారమే టిప్పర్లూ వచ్చాయి. పుష్కరాలకు జనం స్నానాలు చేయడానికి వీలుగా ఉండాలని, ఎక్కడి నుంచో ఇసుక తెచ్చి ఒడ్డంతా మనిషెత్తు పోశారు. నల్లబండ కూడా అందులో మునిగింది. నా మిషన్ మూరెడు లోతు కింద ఏమున్నా కనిపెట్టలేదు. పైనున్న కొత్త ఇసుక మీద ఎంత తిప్పినా కుయ్యిమనలేదు. అందులో మేకు కూడా లేదు. "సరిత ఏరు ఊడుస్తుంది" అని ఊరంతా నవ్వింది. నవ్వుకోనీ అనుకున్నాను. వదులుగా పోసిన ఇసుక వరదకు నిలవదని నా ఆశ.

ఈ వారం ఎగువన గేట్లు ఎత్తారు. నీళ్లు వచ్చి, తగ్గి, కొత్త ఇసుకను పొలం గట్టులా నిలువునా కోసేశాయి. ఆ గట్టులో పైన తెల్లటి ఇసుక, కింద నల్లటి పాత ఇసుక. వాటి మధ్య గీత గీసినట్టుంది. గట్టు ముందు బయటపడిన పాత ఇసుకలో నల్లబండ, మూడేళ్ల కింద ఉన్నట్టే!

మేం చేరేసరికి అవతలి కొసలో జేసీబీ అప్పుడే కోతను మళ్లీ పూడుస్తోంది. డ్రైవర్ గోపికి అరిచి చెప్పాను.

"తమ్మీ, జర ఆపు!"

"ఆపితె నాకు తిట్లు పడ్తయక్కా. పగటాల్లకు నింపాలె."

"గట్లయితె మెల్లగ నింపుకుంట రా. నువ్వొచ్చేలోపల మేం తేల్చుకుంటం."

మిషన్ పాత ఇసుక మీద పెట్టానో లేదో, కూతలే కూతలు! నాణెం. సీసా మూత. వల గుండు. మళ్లీ సీసా మూత. తాగుబోతులందరినీ తిట్టుకుంటూ బండ చుట్టూ తిప్పాను. బండకు తూర్పున ఒకచోట మిషన్ గట్టిగా, ఆగకుండా మోగింది. అత్త మోకాళ్ల మీద పడి తవ్వబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు! ముందుగాల చిన్నత్తకు ఫోన్ చేస్త."

"పిచ్చి లేసిందా? అగో, జేసీబీ వస్తుంది!"

"తీసినంక చూపెడితె గద్వాల బజార్ల కొన్నరంటది. ఆమె కండ్ల ముందరనే తీద్దాం."

నవనీతకు వీడియో కాల్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి పసుపు ముఖంతో ఎత్తింది.

"వదినె, ఏమైంది?"

"మీ అమ్మను పిలువ్. జల్ది!"

"నేను చూడ" అని రాములమ్మ గొంతు వినిపించింది. నవనీత గడుసుది, ఫోన్ తీసుకెళ్లి తల్లి ముఖానికే పెట్టింది. అత్త తవ్వింది. తవ్వితే వచ్చింది ఏమిటి? తుప్పు పట్టిన టెంటు మేకు!

"మేకు చూపెట్టనీకె ఫోన్ చేసిన్రా? పెట్టెయ్ బిడ్డా."

"పెట్టెయ్యకు నవనీతా, నీ కాళ్లు మొక్కుత!" అని అరిచాను. ఆ గుంతలోనే మళ్లీ మిషన్ పెట్టాను. ఇంకా మోగుతోంది! కింద ఇంకేదో ఉంది! అప్పటికి జేసీబీ మా నెత్తి మీదికే వచ్చింది. ఇంజిన్ ఆగింది. గోపి కిందికి దూకి, "ఫోన్ నాకియ్యక్కా, నువ్వు తవ్వు" అన్నాడు. తిట్ల సంగతి మరిచిపోయినట్టున్నాడు.

నాలుగు చేతులతో తవ్వాం. మోచేతి లోతు దాటాక అత్త చెయ్యి ఆగిపోయింది. నైలాన్ చీర ముక్క మూట. మూడు ముళ్లు వేసి ఉంది. విప్పడానికి గోళ్లు చాలక పళ్లతో లాగింది. నల్లబడిపోయిన కడియం బయటపడింది. గోపి ఈల వేశాడు. నేను ఎగిరి గంతేశాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

అత్త కడియాన్ని ఫోన్‌కు ఎదురుగా పట్టింది.

"రాములు" అంది అత్త, రొప్పుతూ. "చూసినవా? ఇది అమ్మదే."

రాములమ్మ ముఖం తెరకు ఇంకా దగ్గరగా వచ్చింది. కడియాన్ని చూడటం లేదు, అత్త ఒళ్లో పడిన చీర ముక్కను చూస్తోంది.

"ఇసిరేసేటోళ్లు మూడు ముళ్లు ఎయ్యరు గదక్కా" అంది.

ఇక అత్త ఆగలేదు. ఇసుకలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. అవతల రాములమ్మ కూడా ఏడుస్తోంది. మధ్యలో గోపి ఫోన్ పట్టుకొని ఎటు చూడాలో తెలియక ఆకాశంలోకి చూస్తున్నాడు.

నేనే కల్పించుకున్నాను. "చిన్నత్తా, ఏడుపులు తర్వాత. శుక్రారం మేం రావాల్నా, వద్దా? ఇప్పుడే చెప్పు."

రాములమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని నా మీద గయ్యిమంది.

"ఏం పిల్లవే నువ్వు! మా అక్కను ఫోన్ల పిలుస్తనా? రేపు మొదటి బస్సుకు నేనే వస్తున్న. గడప కడిగి పెట్టు."