శాశ్వత నివాసం అనే గడి

నేను ఒక పరీక్ష అట్టను. నరసరావుపేట బస్టాండు ఎదురుగా పుస్తకాల కొట్లో అమ్ముడుపోయాను కాబట్టి అదే నా ఊరు. నాకు మొదటినుంచీ కుదురు తక్కువ. నన్ను కొన్న హైమవతి ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ దాకా నా మీదే రాసింది. పరీక్షకి వెళ్ళే ముందు వాళ్ళమ్మ నా మూలకి పసుపు బొట్టు పెట్టేది. ఆ బొట్టుతోనే చెక్ దేశంలోని బ్ర్నో నగరానికి వచ్చాను. హైమ అక్కడ పైచదువుకి చేరి, మిలాదా అనే ఆవిడ ఇంట్లో గది అద్దెకి తీసుకుంది. తీరా చూస్తే అక్కడ పరీక్షలన్నీ కంప్యూటర్ మీదే! ఏడాదిపాటు బీరువా వెనక గోడకి మొహం పెట్టి నిలబడ్డాను. నా ఉసురు ఎవరికి తగిలిందో మరి.

నన్ను బయటికి లాగింది మిలాదాయే. ఆవిడ రిటైరైన ట్రాము డ్రైవరు. వచ్చే జనవరిలో అధ్యక్ష ఎన్నికలు. చట్టసభల వాళ్ళ అండ లేనివాళ్ళు పోటీకి దిగాలంటే యాభై వేల మంది పౌరుల సంతకాలు తేవాలి. అందుకని జూన్ నుంచే కూడళ్ళలో బల్లలు వెలిశాయి. ఒక సైకిళ్ళ వ్యాపారి, ఒక వంటల పుస్తకాలాయన, ఇంకా ఎవరెవరో. గెలవడం సంగతి దేవుడెరుగు, ముందు బరిలోకి దిగాలి కదా!

మిలాదా తిరిగేది జెలింకోవా అనే మాజీ జడ్జి కోసం. పదిహేనేళ్ళ కిందట మిలాదా ట్రాము కింద ఒక మనిషి పడ్డాడు. ఊరంతా వేలు చూపిస్తే, తప్పు ఈవిడది కాదని కాగితాలన్నీ చదివి తేల్చింది ఆ జడ్జి. "బ్ర్నో సంగతి నాకొదిలెయ్యండి" అని మిలాదా ఆవిడకి మాటిచ్చింది.

వేసవి వస్తే ఇక్కడ ఊళ్ళో నరపురుగు ఉండదు. అందరూ నది ఒడ్డున, అడవుల్లో తమ చిన్న చెక్క ఇళ్ళకి పోతారు. "ఖాళీ కూడలిలో కూర్చుంటే పావురాలు పెడతాయా సంతకాలు?" అని మిలాదా నన్ను సంచిలో వేసుకుని అక్కడికే బయలుదేరింది. అబ్బ, ఏం వేసవి అది! నిక్కర్లలో ఉన్న పెద్దమనుషులు ఒక చేత్తో సాసేజి కాలుస్తూ ఇంకో చేత్తో సంతకం పెట్టేవారు. వోండ్రా అనే బట్టతలాయన పుట్టగొడుగుల పులుసు పెట్టి, అందులో సగం నా మీదే ఒలకబోశాడు. పేరు, పుట్టిన తేదీ, శాశ్వత నివాసం, గుర్తింపు కార్డు నంబరు, సంతకం. అలా ఆరు వందల ముప్ఫై మంది.

అక్టోబరు చివర్లో హైమ వంటగదిలో కాగితాలు సర్దుతూ ఆగిపోయింది.

"మిలాదా గారూ, శాశ్వత నివాసం గడిలో అందరూ నది పక్క అడ్రసే రాశారు. ఏడాదంతా అక్కడే ఉంటారా?"

"వేసవంతా అక్కడేగా!"

"అట్లా కాదండీ. రికార్డులో ఏ ఇల్లుంటే అదే రాయాలి. ఈ తేడా తెలీకే నేను వీసా ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను."

అధికారులు కొన్ని సంతకాలు తీసి చూస్తారు. తప్పులు ఎక్కువుంటే ఆ లెక్కన మొత్తంలోంచి కోసేస్తారు. అంటే ఈ ఆరు వందలు చెల్లకపోవడమే కాదు, మంచివాటిని కూడా ముంచుతాయి.

"పంపేస్తే ఎవరు తెచ్చారో ఎవరికి తెలుస్తుంది?" అంది మిలాదా. హైమ కాగితాల కట్ట ఆవిడ ముందుకి జరిపింది. కాసేపటికి మిలాదాయే స్కేలు తెచ్చుకుంది. "ఆవిడ నా కేసులో ప్రతి కాగితం రెండుసార్లు చదివింది" అని గొణుగుతూ ఒక్కొక్క వరుసా కొట్టేసింది.

గడువు పదకొండు రోజులు. నది దగ్గర ఇళ్ళన్నీ తాళాలు. ఇక ఊళ్ళో అపార్టుమెంట్ల గుమ్మాల దగ్గర పేర్ల పలకలు వెతుక్కుంటూ మేం ముగ్గురం మెట్లెక్కి దిగాం. వేసవిలో పులుసు పెట్టిన వోండ్రా తలుపు వెనకనుంచి "ఏమీ కొనం" అన్నాడు. మిలాదాకి ఒళ్ళు మండి, నన్నెత్తి తలుపు కన్నానికి ఆనించింది. "ఈ మరక ఎవరిదయ్యా?" తలుపు తెరుచుకుంది. ఆయన సంతకం పెట్టడమే కాదు, నది దగ్గర తన పక్కిళ్ళ వాళ్ళవి ఇంకో పదకొండు అడ్రసులు చెప్పాడు.

ఆ రాత్రుళ్ళు హైమ వాళ్ళమ్మతో ఫోన్లో ఒకటే గొడవ. "నువ్వు బొట్టు పెట్టిన అట్ట ఇక్కడ ఎలక్షన్లలో తిరుగుతోందమ్మా." "నీకెందుకే ఆ గోల, చదువుకోక!"

నాలుగు వందల రెండు మళ్ళీ దొరికాయి. మిగతావి పోయాయి. తనిఖీ అయ్యేదాకా మిలాదాకి తిన్నది ఒంటబట్టలేదు. చివరికి జడ్జి నెగ్గుకొచ్చింది, కావలసిన దానికన్నా మూడు వందల పదకొండు ఎక్కువతో. మిలాదా నన్ను ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

జనవరిలో జడ్జి ఆరో స్థానంలో వచ్చింది. "మనుషులు!" అని మిలాదా రెండు రోజులు తిట్టిపోసింది. మూడోనాడు మిగిలిపోయిన ఖాళీ కాగితం ఒకటి నాకు తగిలించి హైమ ముందుకి తోసింది.

"పెట్టు నీ సంతకం."

"నాది చెల్లదుగా."

"ఎన్నికే అయిపోయింది. నువ్వు లేకపోతే నా దగ్గర ఒక్క మంచి కాగితం ఉండేది కాదు. పెట్టు."

హైమ నవ్వుతూ పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది. మూడో గడి దగ్గర కలం ఆగింది.

"అక్కడే జాగ్రత్త" అంది మిలాదా. "దానికోసమేగా మనం చచ్చాం."

కలం మొన నా మీద ఆనే ఉంది. టీ చల్లారిపోయింది. చివరికి హైమ ఆ గడి వదిలేసి సంతకం మాత్రం పెట్టింది. మిలాదా నన్ను వంటగది గోడకి మేకు కొట్టి తగిలించింది. రోజూ పొద్దున్న ఇద్దరిలో ఎవరో ఒకరు వచ్చి ఆ ఖాళీ గడి వంక చూసి పోతుంటారు. నిన్న మిలాదా ఎప్పుడు కట్టిందో, నా క్లిప్పుకి దారంతో ఒక పెన్ను వేలాడుతోంది.